వలసలు దేశానికి మేలా, కీడా: ఏ పక్షం వస్తుందో తెలియని డిబేట్‌కి సిద్ధపడే పద్ధతి

ప్రశ్న ఇది: గుంటూరులో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి విజయవాడలో జరిగే కాలేజీల డిబేట్‌కి వెళ్తోంది. "బయటి నుంచి వచ్చిన వలసలు ఒక దేశానికి చరిత్రలో మేలు చేశాయా, కీడు చేశాయా, ఈ రోజు ఏం చేస్తున్నాయి?" అన్నది అంశం. అనుకూలమో వ్యతిరేకమో చీటీ తీశాక పావుగంట ముందే తెలుస్తుంది. మాట్లాడటానికి నాలుగు నిమిషాలు, ఎదురువాదనకి ఒక నిమిషం, అంతా తెలుగులోనే. ఏం చదవాలి, ఎలా కట్టుకోవాలి అని అడిగారు.

మొదట మాట సంగతి తేల్చుకోండి. తెలుగులో వలస అనే ఒక్క మాట మీద చాలా బరువు ఉంది. కర్నూలు జిల్లా కోసిగి నుంచి మిరప కోతలకి గుంటూరు వైపు వస్తే వలస. గుంటూరు నుంచి డాలస్ వెళ్తే వలస. తూర్పు బెంగాల్ నుంచి అస్సాం వస్తే వలస. చివరికి బ్రిటిష్ వాళ్లు మనల్ని ఏలింది కూడా వలస పాలనే. తెలుగు డిబేట్లు ఎక్కువగా ఇక్కడే తప్పిపోతాయి. ఎదుటివాళ్లు ఒక వలస గురించి చెబుతుంటే మనం ఇంకో వలస గురించి జవాబు ఇస్తుంటాం, ఈలోగా బెల్లు కొడతారు. కాబట్టి మొదటి ఇరవై సెకన్లలోనే హద్దు గీయండి: "నేను మాట్లాడేది ఒక దేశంలో పుట్టి ఇంకో దేశంలో ఉంటున్నవాళ్ల గురించి." ఐక్యరాజ్యసమితి 2024 అంచనాలో అలాంటివాళ్లు సుమారు 30.4 కోట్ల మంది, ప్రపంచ జనాభాలో 3.7 శాతం. బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లని, ప్రాణభయంతో వచ్చిన కాందిశీకులని వేరుగా చూపండి. చట్టంలోనూ, ఖర్చులోనూ ఆ ఇద్దరి లెక్కా ఒకటి కాదు.

ఇంకో జాగ్రత్త. విజయవాడ హాల్లో స్థానికులు, స్థానికేతరులు అన్న మాట వినగానే పెద్దవాళ్లకి తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు, 1972-73 జై ఆంధ్ర ఉద్యమం గుర్తుకొస్తాయి. ఆ ఉదాహరణ జోలికి వెళ్లొద్దు. అది ఒకే రాష్ట్రంలో ఉద్యోగాల వాటా తగువు. 1973లో 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణం దాకా వెళ్లిన దారి అది. దేశంలో ఎక్కడైనా తిరగడానికి, ఉండటానికి పౌరుడికి 19వ అధికరణం హక్కు ఇస్తుంది. సరిహద్దు దాటి వచ్చినవాళ్లకి ఆ హక్కు లేదు. ఈ రెండిటినీ కలిపేస్తే మీ వాదన మీదే పడుతుంది, పైగా చర్చ కాస్తా పాత గాయాల మీదకి మళ్లుతుంది.

ఇక అసలు విషయం. "దేశానికి మేలా కీడా" అన్న ప్రశ్నలో దేశం అనే ముద్దని విడదీయకపోతే ఏ పక్షమూ నిలబడదు. దేశానికి ఒకటే జేబు ఉండదు. కూలి తీసుకునేవాడి జేబు, కూలి ఇచ్చేవాడి జేబు, ఇల్లు అద్దెకిచ్చేవాడి జేబు, అద్దె కట్టేవాడి జేబు, కేంద్ర ఖజానా, బడి నడిపే స్థానిక ప్రభుత్వం ఖజానా, అన్నీ వేర్వేరు. వలస వల్ల డబ్బు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుతుంది, మొత్తం మీద సాధారణంగా కొంత పెరుగుతుంది కూడా. పెరిగింది ఎవరికి, తగ్గింది ఎవరికి అన్న దగ్గరే నిజమైన తగువు. మీ దగ్గరున్న ప్రతి వాస్తవానికీ నాలుగు ప్రశ్నలు వేయండి: ఎవరు వచ్చారు, ఏ ఏళ్లలో వచ్చారు, ఎవరికి ఏమైంది, ఎంతకాలం తర్వాత కొలిచారు. నాలుగింటికీ జవాబు లేని అంకె ఎంత పెద్దదైనా పక్కన పెట్టేయండి.

కూలి రేట్ల విషయంలో అందరూ పడే గుంట ఒకటుంది, అందుకని దాన్ని అంకెల్లో చూపిస్తాను. బెంజి సర్కిల్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ లేస్తోందనుకోండి. సెంట్రింగ్ పనికి పదిమంది ఉన్నారు, రోజుకి తలా 800. బయటి నుంచి మరో ఇద్దరు 600కి చేరారు. పాతవాళ్ల కూలి తగ్గలేదు. ఇప్పుడు సగటు ఎంత? 8,000కి 1,200 కలిపితే 9,200, పన్నెండుతో భాగిస్తే 767. "వలస వచ్చాక కూలి 33 రూపాయలు పడిపోయింది" అని ఎవరైనా చెప్పొచ్చు, కానీ ఒక్కరు కూడా ఒక్క రూపాయి నష్టపోలేదు. అదే మేస్త్రీ ఈ వంకతో పాతవాళ్ల రేటు 750 చేశాడనుకోండి. అప్పుడు సగటు 725, పాతవాళ్లలో ప్రతి ఒక్కరికీ రోజుకి 50 నిజంగా పోయింది. రెండు సందర్భాల్లోనూ సగటు పడింది, కానీ రెండూ ఒకటి కాదు. అందుకే ఎదుటివాళ్లు సగటు చెప్పగానే మీరు అడగాల్సింది ఒక్కటే: "పాత పదిమంది కూలి ఎంత?"

ఈ గుంటలో పెద్ద పెద్ద ఆర్థికవేత్తలే తగువు పడ్డారు. 1980 ఏప్రిల్ నుంచి అక్టోబర్ మధ్య క్యూబాలోని మేరియల్ రేవు నుంచి సుమారు 1,25,000 మంది అమెరికా చేరారు. దాంతో మయామీ నగరంలో పనిచేసేవాళ్ల సంఖ్య దాదాపు 7 శాతం పెరిగింది. డేవిడ్ కార్డ్ 1990లో మయామీని అట్లాంటా, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్, టాంపా ప్రాంతాలతో పోల్చి, నైపుణ్యం తక్కువున్న కార్మికుల కూలి మీద గానీ నిరుద్యోగం మీద గానీ చెప్పుకోదగ్గ దెబ్బ కనిపించలేదన్నారు. 2021లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తల్లో ఆయన ఒకరు. పాతికేళ్ల తర్వాత జార్జ్ బోర్హాస్ అదే ఘటనని మళ్లీ తవ్వారు. ఆయన స్వయంగా చిన్నప్పుడు క్యూబా నుంచి వచ్చినవారు. హైస్కూల్ పూర్తి చేయని, హిస్పానిక్ కాని మగవాళ్లని మాత్రమే తీసుకుంటే వాళ్ల కూలి 10 నుంచి 30 శాతం పడిందని తేల్చారు. ఆ మీదట ఇతరులు రెండు లోపాలు పట్టారు. ఆ చిన్న వర్గంలో సర్వేకి దొరికినవాళ్లు ఏడాదికి ఇరవైమంది ప్రాంతమే. పైగా సరిగ్గా ఆ ఏళ్లలోనే సర్వేలో నల్లజాతి పురుషుల వాటా పెరిగింది. వివక్ష వల్ల వాళ్ల కూలి ముందునుంచీ తక్కువ కాబట్టి, ఎవరి కూలీ తగ్గకపోయినా సగటు పడుతుంది. అంటే మన సెంట్రింగ్ లెక్కే. మీకు వ్యతిరేక పక్షం వస్తే బోర్హాస్‌ని వాడండి, కానీ "అందరి జీతాలూ పడ్డాయి" అనకండి. "అందరికంటే తక్కువ చదువున్నవాళ్ల మీద దెబ్బ పడిందని వాదించినవాళ్లు ఉన్నారు" అనండి. అనుకూల పక్షమైతే కార్డ్‌తో మొదలుపెట్టి, సర్వే లోపాన్ని ఎదురువాదన నిమిషానికి దాచుకోండి.

చాలామంది అమెరికాతో మొదలుపెట్టి అమెరికాతోనే ముగిస్తారు. మన దగ్గర అంతకంటే బలమైన ఉదాహరణ ఉంది, బర్మా (ఇప్పటి మయన్మార్)లోని రంగూన్. మన పాతతరం రంగం అని పిలుచుకున్న ఊరు. అందులో తెలుగువాళ్లే వలసదారులు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగు కూలీలందరినీ కోరంగీలనే పిలిచేవారు. ఓడల్లో సరుకు ఎక్కించడం, దించడం చాలావరకు వాళ్ల చేతుల మీద నడిచేది. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు, దేశ జనాభాలో 7 శాతం. రంగూన్ నగరంలో మాత్రం 53 శాతం. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చెప్పండి. దేశం మొత్తం చూస్తే కొద్దిమందే, రేవు పట్టణంలో నిలబడి చూసే బర్మా యువకుడికి మాత్రం సగం ఊరు పరాయిది. కోపం ఎప్పుడూ ఊరి లెక్కని బట్టే పుడుతుంది, దేశం లెక్కని బట్టి కాదు.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మెకి దిగారు. ఓడల కంపెనీలు సమ్మెని విరగ్గొట్టడానికి బర్మా కార్మికుల్ని పనిలోకి తెచ్చాయి. బయట పని దొరకని కాలం, వాళ్లు వచ్చారు. కొద్దిరోజుల్లో కంపెనీలు తెలుగు కూలీలతో రాజీపడి వాళ్లని మళ్లీ పిలిచాయి. మే 26న పొద్దున బర్మా కార్మికులు పనికి వచ్చేసరికి ఇక మీరు అక్కర్లేదన్నారు. రేవులో మాటా మాటా పెరిగి కొట్లాట అయింది, ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఇక్కడ ఏం జరిగిందో జాగ్రత్తగా విడదీయండి. తెలుగువాళ్లు బర్మావాళ్ల పనిని లాక్కోలేదు, ఆ పని అంతకుముందు తెలుగువాళ్లదే. బర్మావాళ్లూ తెలుగువాళ్ల పొట్ట కొట్టాలని రాలేదు, కంపెనీ పిలిస్తే వచ్చారు. ఇద్దరినీ ఒకరి మీదకి ఒకర్ని వాడుకున్నది కూలి పెంచడం ఇష్టంలేని యాజమాన్యం. ఇది అనుకూల పక్షానికీ పనికొస్తుంది, వ్యతిరేక పక్షానికీ పనికొస్తుంది. అనుకూల పక్షంలో ఉంటే ఇలా: గొడవకి మూలం వలస కాదు, యాజమాన్యం ఎత్తుగడ. వ్యతిరేక పక్షంలో ఉంటే ఇలా: చట్టం, కూలి రేటు, ఒప్పందం ఏవీ లేకుండా మనుషుల్ని తెచ్చి పోస్తే వచ్చినవాళ్లూ ఉన్నవాళ్లూ ఇద్దరూ బలవుతారు.

బర్మాలో రెండో పొర భూమి. 1930లో బియ్యం ధర కుప్పకూలాక అప్పు తీర్చలేని రైతుల పొలాలు తమిళ వడ్డీ వ్యాపారులైన నాట్టుకోట్టై చెట్టియార్ల చేతికి వెళ్లాయి. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో వాళ్ల వాటా 1930లో 6 శాతం ఉంటే 1930ల చివరికి 25 శాతం. పొలం పోయిన రైతు కళ్లకి వడ్డీ వ్యాపారీ, రేవు కూలీ ఇద్దరూ ఒకే భారతీయుడు. డిబేట్‌లో ఈ తేడా చెప్పడం నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. పెట్టుబడి వలస చేసిన పనికి శిక్ష కూలీల వలస మీద పడింది. 1942లో జపాన్ సేన వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు అడవుల్లో, కొండల్లో నడిచి వచ్చారు, దారిలో చనిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. 1960లలో బర్మా సైనిక పాలకుడు నె విన్ ప్రభుత్వం దుకాణాల్నీ వ్యాపారాల్నీ జాతీయం చేశాక సుమారు మూడు లక్షలమంది తిరిగొచ్చేశారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక హెచ్చరిక: "భారతీయుల్ని వెళ్లగొట్టాక బర్మా దివాలా తీసింది" అని కొందరు సూటిగా తేల్చేస్తారు. యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం ఆ తర్వాత వెనకబడ్డ మాట నిజమే. కానీ మధ్యలో యుద్ధ విధ్వంసం ఉంది, అంతర్యుద్ధం ఉంది, అంతా ప్రభుత్వమే నడపాలన్న విధానం ఉంది. ఒక్క కారణానికే కట్టేస్తే తెలిసిన జడ్జి మార్కులు కోసేస్తారు.

ఖజానా లెక్కకి అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల 2016 నివేదిక చాలు. మొదటి తరం వలసదారుల వల్ల రాష్ట్రాలకీ స్థానిక ప్రభుత్వాలకీ ఖర్చు ఎక్కువ, ముఖ్యంగా పిల్లల చదువుల ఖర్చు. ఆ పిల్లలే పెద్దయ్యాక పన్నులు ఎక్కువ కట్టేవాళ్లలో ముందు వరసలో ఉన్నారు. అదే కుటుంబం, ఇరవై ఏళ్ల తేడాలో లెక్క తిరగబడింది. మేలు, కీడు రెండూ నిజమే, ఎప్పుడు కొలిచారన్నదే తేడా. ఖర్చు పెట్టేది స్థానిక బడి, తర్వాత వచ్చే పన్నులో పెద్ద వాటా కేంద్రానిది కావడంతో స్థానికుల కోపం ఆరదు.

కాందిశీకుల ఖర్చు గురించి చెప్పాల్సొస్తే 1971 తీసుకోండి. తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటిమంది మన దేశానికి వచ్చారు. ఆ ఏడాది నవంబర్ 15 నుంచి ఉత్తరాల మీద కాందిశీకుల సహాయం కోసం 5 పైసల అదనపు స్టాంపు అంటించాల్సి వచ్చింది, 1973 మార్చి దాకా. సరిహద్దుకి ఎంతో దూరంలో గుంటూరు బ్రాడీపేటలో ఉత్తరం పోస్టు చేసిన మనిషి కూడా ఆ భారం పంచుకున్నాడు. హాల్లో ఉన్న పెద్దవాళ్లు కొందరికి ఆ స్టాంపు గుర్తుంటుంది. కోటిమంది అన్న అంకె కంటే ఆ 5 పైసలే సభకి దగ్గరగా వెళ్తాయి.

ఇక అస్సాం. ఇక్కడ తప్పు అంకె చెప్పడం మనుషుల్ని గాయపరచడమే. 1985 ఆగస్టు 15 నాటి అస్సాం ఒప్పందం ఎవర్ని ఉండనివ్వాలి, ఎవర్ని వెనక్కి పంపాలి అన్నదానికి 1971 మార్చి 24 అర్ధరాత్రిని హద్దుగా పెట్టింది. 2019 ఆగస్టు 31న వచ్చిన పౌర జాబితా (ఎన్‌ఆర్‌సీ)కి దరఖాస్తు చేసినవాళ్లు 3.3 కోట్లు, అందులో లేనివాళ్లు 19 లక్షల పైచిలుకు. "19 లక్షలమంది విదేశీయులు తేలారు" అన్నది తప్పు. జాబితాలో పేరు లేనంత మాత్రాన ఎవరూ విదేశీయులు కారు, విదేశీయుల ట్రిబ్యునల్ తేల్చాలి. పత్రాల్లో పేరు అక్షరం తేడా, పెళ్లయ్యాక ఊరు మారిన ఆడవాళ్లకి పుట్టింటి కాగితం లేకపోవడం, ఇవీ ఆ జాబితాలో పడ్డ చిక్కులు. అలాగని అస్సామీల భయాన్ని కొట్టిపారేయకండి. తమ ఊళ్లో తమ భాష తగ్గిపోతుందన్న భయం 1979 నుంచి 1985 దాకా ఆరేళ్ల ఉద్యమాన్ని నడిపింది. భాషా ప్రాతిపదికన రాష్ట్రం కోసం పోరాడిన మనకి అది అర్థం కావాలి.

అమెరికా చట్టాల చరిత్ర ఒక్క నిమిషంలో చెప్పేయొచ్చు. 1882లో చైనా కూలీల మీద నిషేధం, 1924లో పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు, ఆసియావాళ్లకి తలుపులు మూత. 1946లో భారతీయులకి ఏడాదికి 100 కోటా, 1965లో పాత కోటాల రద్దు, 1990లో హెచ్-1బి. విదేశాల్లో పుట్టినవాళ్ల వాటా 1910లో 14.7 శాతం, 1970లో 4.7 శాతం. తలుపులు మూసిన ఆ కాలంలోనే అమెరికా కార్మికుడి జీతం బాగా పెరిగిందన్నది వ్యతిరేక పక్షానికి గట్టి వాదన. దానికి జవాబు: ఆ కాలంలోనే కార్మిక సంఘాలు బలపడ్డాయి, యుద్ధం వచ్చింది, హైస్కూలు చదువు విస్తరించింది. మన ఊళ్ల పిల్లల గ్రీన్‌కార్డు గోల ఎవరైనా ఎత్తితే లెక్క ఇది: ఉద్యోగం మీద ఇచ్చే కార్డులు ఏడాదికి 1,40,000, ఒక దేశానికి 7 శాతం, అంటే 9,800. భార్యాపిల్లలూ అందులోనే. మిగతా దేశాలు వాడుకోకపోతే కొంత పెరుగుతుంది. అది మన బాధే గానీ ఆ దేశానికి మేలా కీడా అన్న ప్రశ్నకి జవాబు కాదు. అలాగే 2024లో భారత్‌కి వచ్చిన సుమారు 129 బిలియన్ డాలర్ల సొమ్ము మనుషుల్ని పంపిన ఊళ్లకి వచ్చిన లాభం, పనిచేసిన దేశానిది కాదు. అంశం చూసి వాడండి.

వలస ఆపితే స్థానికుల కూలి పెరుగుతుందా? దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ బ్రసేరో పథకం. 1942లో మొదలై మెక్సికో నుంచి అమెరికాకి పొలం కూలీల్ని తెచ్చిన ఒప్పందాన్ని 1964 చివర్లో ఆపేశారు. స్థానికుల కూలి పెరుగుతుందని ఆశపడ్డారు. ఇటీవలి పరిశోధన చూస్తే చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. కాలిఫోర్నియా టమాటా రైతులు యంత్రాలకి మారారు. దానికోసం విశ్వవిద్యాలయంలో ఒకేసారి పండే, తొక్క గట్టిగా ఉండే రకం ముందే తయారుచేసి పెట్టారు. యంత్రం దొరకని పంటల్లో కొంత సాగు తగ్గింది. మిరప గురించి తెలిసిన గుంటూరు జడ్జికి ఇది వెంటనే తడుతుంది: మిరప ఒక్కసారిగా పండదు, విడతలుగా చేత్తో కోయాలి. కూలీ దొరక్కపోతే రైతు ముందున్న దారులు వేరే. వలస ఆపితే ఏమవుతుందన్నది పంటని బట్టి, యంత్రాన్ని బట్టి మారుతుంది.

వ్యతిరేక పక్షానికి ఇంకొకటి. 2004లో యూరోపియన్ యూనియన్‌లో కొత్త దేశాలు చేరినప్పుడు బ్రిటన్‌కి ఏడాదికి 5,000 నుంచి 13,000 మంది వస్తారని ప్రభుత్వం కోసం వేసిన అంచనా. జర్మనీ లాంటి దేశాలూ తలుపులు తెరుస్తాయన్న ఊహ మీద వేసిన లెక్క అది. తీరా వెంటనే తెరిచినవి బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ మాత్రమే. వచ్చింది లక్షల్లో. వచ్చినవాళ్లు పనిచేశారు, పన్నులు కట్టారు. అయినా ప్రభుత్వం మాట మీద నమ్మకం పోయింది, యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అన్న 2016 ఓటింగ్‌లో దాని ప్రభావం కనిపించింది. అంకె తప్పితే విధానం మంచిదైనా జనం వినరు.

ఇప్పుడు ప్రసంగం. తెలుగులో స్పష్టంగా మాట్లాడితే నిమిషానికి వంద మాటలు, మొత్తం నాలుగు వందలు. అందులో మూడు ఉదాహరణలకి మించి పట్టవు. అరచేతిలో పట్టే అట్టముక్కలు ఆరు తీసుకోండి: మేరియల్, రంగూన్, 2016 ఖజానా లెక్క, 1971, బ్రసేరో, బ్రిటన్. ఒక్కో అట్ట ముందువైపు ఎవరు, ఎప్పుడు, అంకె. వెనకవైపు రెండు వరసలు, అనుకూలంగా ఎలా వాడాలి, వ్యతిరేకంగా ఎలా వాడాలి. పక్షం తెలిసిన పావుగంటలో కొత్తగా ఏదీ చదవొద్దు. మూడు అట్టలు ఎంచుకుని, మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి పట్టండి. మిగిలిన మూడూ ఎదురువాదనకి.

ఎదురువాదన నిమిషంలో మూడు విషయాలు ఎత్తుకుంటే ఒక్కటీ పూర్తికాదు. ఎదుటివాళ్ల అత్యంత బలమైన అంకె ఒక్కటి పట్టుకుని, అది ఎవరిది, ఎప్పటిది అని అడిగి, జవాబు మీరే చెప్పండి. "చొరబాటుదార్లు" లాంటి మాట ఒక జాతి మొత్తం మీద వాడకండి. "వలసల్ని వ్యతిరేకించేవాళ్లంతా మూర్ఖులు" అనీ అనకండి. ఆ హాల్లో బర్మా నుంచి వచ్చినవాళ్ల మనవలు ఉండొచ్చు, అక్క అమెరికాలో వీసా కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఉండొచ్చు. రంగూన్ అట్ట మీద సమ్మె జరిగిన నెల, కొట్లాట మొదలైన తేదీ, 7, 53 శాతాలు పెద్ద అక్షరాలతో రాసుకోండి, జడ్జిలు తిరిగి ప్రశ్న వేసేది ఎక్కువగా దాని మీదే.